గేదె ఈసుకుపోయాక వదలని జ్వరం.. సొంత వైద్యం వద్దు

ప్రశ్న: నా వయసు 36. రెండు నెలల కిందట మా చూడి గేదె ఏడో నెలలో ఈసుకుపోయింది (నెలలు నిండకుండానే పిండం పడిపోయింది). దాని పాలు కాచి తాగితే పిల్లలకు ఏమైనా అవుతుందా? గేదెను అమ్మేయమంటారా? ఈ రోగం రాకుండా మనుషులకు టీకా ఉందా? నాకు మూడు వారాలుగా సాయంత్రం పూట జ్వరం, నడుం నొప్పి. మందుల షాపులో అడిగి ఐదు రోజులు యాంటీబయాటిక్ వేసుకుంటే తగ్గి, మళ్లీ వచ్చింది. ఆ రోజు మాయ నేనే చేత్తో తీశాను. నా భార్యకు ఇప్పుడు ఐదో నెల.

జవాబు: పాల సంగతి తర్వాత చెబుతాను. మీరు చివర్లో రాసిన నాలుగు మాటలే నాకు టెన్షన్ పెడుతున్నాయి. పశువు ఈసుకుపోవడం, ఒట్టి చేతులతో మాయ తీయడం, కొన్ని వారాలకు సాయంత్రం జ్వరం, నడుం నొప్పి.. ఇవన్నీ ఒకరిలోనే కనబడితే బ్రూసెల్లోసిస్ (పశువుల నుంచి మనుషులకు సోకే బ్యాక్టీరియా జబ్బు) ఉందేమో చూడాల్సిందే. మిమ్మల్ని పరీక్షించకుండా అదేనని చెప్పలేను. క్షయ, క్యూ ఫీవర్ (ఇదీ పశువుల నుంచి సోకే జ్వరమే) లాంటివి కూడా ఇలాగే మొదలుకావచ్చు. ఏదైనా సరే, మూడు వారాల జ్వరాన్ని ఇంట్లో పెట్టుకుని కూర్చోకూడదు. ఒకట్రెండు రోజుల్లోనే ఫిజీషియన్‌ను కలవండి.

వెళ్లగానే మాయ తీసిన విషయం చెప్పండి. పశువుకు వచ్చిన రోగానికీ తమ జ్వరానికీ సంబంధం ఉంటుందని తట్టక చాలామంది ఆ మాటే ఎత్తరు. మామూలు జ్వరం పరీక్షల్లో బ్రూసెల్లా పరీక్ష ఉండదు, విడిగా రాయాలి. బ్లడ్ కల్చర్‌కు (రక్తంలోని సూక్ష్మజీవిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు) పంపేటప్పుడు అనుమానం దీని మీదేనని ల్యాబ్‌కు తెలియాలి. ఈ బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది, పైగా ల్యాబ్ సిబ్బందికీ సోకగలదు.

ఇక ఆ యాంటీబయాటిక్. మీరు అలా చేయకుండా ఉండాల్సింది. ఈ సూక్ష్మజీవి మన కణాల లోపలే దాక్కుంటుంది, ఐదు రోజుల మందుకు చావదు. అందుకే సాధారణంగా రెండు మందులు కలిపి ఆరు వారాలు ఇస్తాం. వెన్నుపూసకు చేరితే ఇంకా ఎక్కువ రోజులు. అంత పద్ధతిగా వాడినా కొందరికి తిరగబెడుతుంది. అరకొరగా వాడితే జ్వరం నాలుగు రోజులు అణుగుతుంది, కల్చర్‌లో ఏమీ పెరగదు, అసలు జబ్బు పట్టుబడకుండా పోతుంది. ఇంకోటి, దీనికి వాడే రిఫాంపిసిన్ క్షయకు కూడా ముఖ్యమైన మందు. మీది క్షయే అయి, ఆ ఒక్కటీ సొంతంగా వాడితే రేపు అవసరానికి అది పనిచేయకపోవచ్చు. ఎవరికో తగ్గిందని వాళ్ల చీటీ పట్టుకుని షాపుకు వెళ్లకండి. నొప్పి మాత్రలతో నెలలు నెట్టుకొచ్చి, వెన్నుపూస దెబ్బతిన్నాక వచ్చినవాళ్లను చూశాను. అరుదుగా గుండె కవాటాలకూ పాకుతుంది. వృషణాల్లో వాపు, నొప్పి ఉంటే మొహమాటపడకుండా చెప్పండి. వేసుకున్న మందు స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి.

మీ భార్య గురించి మీరేమీ అడగలేదు, కానీ అడగాల్సింది. గర్భిణికి ఇది సోకితే గర్భస్రావం కావచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. జ్వరం లేకపోయినా ఆమెను చూసే డాక్టరుకు జరిగిందంతా చెప్పండి. మీకు రాసిన మందులు ఆమెకు ఇవ్వొద్దు. పాక శుభ్రం చేయడం, ఈనే పశువు దగ్గరికి వెళ్లడం ఆమెతో మానిపించండి.

పాలు పొంగేదాకా కాచి తాగితే ఈ రోగం భయం లేదు. పచ్చి పాలు, వాటితో చేసిన వెన్న, చీజ్ వద్దు. మనుషులకు టీకా లేదు. పశువులకు ఉంది, సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్య దూడలకు పశువైద్యుడు వేస్తారు. అది బతికున్న సూక్ష్మజీవితో చేసిన టీకా, సూది పొరపాటున గుచ్చుకుంటే మనకూ జబ్బు రావచ్చు. కాబట్టి మీరు వేయకండి. గేదెకు రక్త పరీక్ష చేయించకుండా అమ్మితే రోగాన్ని ఇంకొకరి పాకకు పంపినట్టే. అంతవరకు దాన్ని మిగతా పశువులకు దూరంగా కట్టేయండి. మళ్లీ ఏ పశువైనా ఈసుకుపోతే గ్లవ్స్, మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు. పిండాన్నీ మాయనూ కుక్కలు లాగలేనంత లోతుగా, సున్నం చల్లి పూడ్చాలి.

ఆ రోజు మీకు సాయం పట్టినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకూ జ్వరం వస్తోందేమో ఇవాళే కనుక్కోండి. లక్షణాలు బయటపడటానికి కొందరిలో రెండు నెలలు దాటుతుంది.