28 దగ్గర ఆగకు తల్లీ

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు టెస్టింగ్ టీమ్‌లో మొదటి పని ఇచ్చారట. "ఏవో తేదీలు పుట్టించే స్క్రిప్టట అక్కా, చిన్న పనేనట" అంది. ఎంత సంతోషమేసిందో అంత గుబులూ పుట్టింది. అది పింఛన్ల సాఫ్ట్‌వేర్ కోసమని తెలిశాక ఇక నిద్ర పట్టలేదు. తెల్లారకుండానే లేచి ఇది రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి. మొదటి తేదీకీ చివరి తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టు, అందులోంచి ర్యాండమ్‌గా ఒక అంకె తియ్యి, మొదటి తేదీకి కలుపు. పైథాన్‌లో అలా అంకె తీసే రాండింట్ రెండు కొసలనూ కలుపుకుంటుంది, రాండ్‌రేంజ్ చివరిదాన్ని వదిలేస్తుంది, చూసుకో.

ఏడాది విడిగా, నెల విడిగా, రోజు విడిగా మాత్రం తియ్యకు. నేను అలాగే తీశాను.

2002 చివర్లో సంగతి. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేస్తున్నాను. ఒక ఉద్యోగుల సహకార సంఘానికి సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. రిటైరైనవాళ్లు అక్కడ దాచుకున్న సొమ్ము మీద నెలనెలా వడ్డీ లెక్కగట్టి బ్యాంకుకు పంపాలి. రిటైరైన తేదీ ఏదైతే ఖాతా మొదలైన తేదీ అదే. పరీక్షకు తేదీలు కావాలన్నారు. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయడం మొదలుపెట్టాను. ఏడాదికి ఒక అంకె, నెలకు 1 నుంచి 12, రోజుకు 1 నుంచి... అక్కడ చెయ్యి ఆగింది. 31 పెడితే ఫిబ్రవరి 31, ఏప్రిల్ 31 పుట్టుకొస్తాయి. సాయంత్రానికి పని అప్పజెప్పాలి. 28 అని కొట్టాను. ప్రతి నెలలోనూ 28 ఉంటుంది కదా, గొడవ లేదనుకున్నాను. పదివేల తేదీలు తీశాను, పదివేలూ పాసయ్యాయి. శెభాష్ అన్నారు.

మన దగ్గర గవర్నమెంటు ఉద్యోగి పుట్టినరోజు నాడు రిటైరవడు, ఆ నెల ఆఖరి రోజున అవుతాడు. ఒకటో తారీఖున పుట్టినవాళ్లయితే అంతకు ముందు నెల ఆఖరి రోజున. ఇది నేను ఎక్కడో చదివి తెలుసుకోలేదు. మీ తాతయ్యకు రికార్డులో జూలై 1. నిజంగా ఏ రోజు పుట్టాడో మా నాయనమ్మకే తెలీదు, బళ్లో వేసేటప్పుడు పంతులుగారు రాసుకున్న తేదీ అది. జూన్ 30న బడిలో దండ వేసి, శాలువా కప్పి, రిక్షాలో ఇంటికి పంపారు. ఆ రిక్షాలో పక్కన కూర్చున్నది నేనే. ఆ దండ వాడిపోయి రేకులు రాలేదాకా గోడ మీది మేకుకే ఉంచాడు నాన్న. అంతా కళ్లారా చూసినదాన్ని, స్క్రిప్టు ముందు కూర్చున్నప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ సంఘంలోని ఖాతాలన్నీ నెలాఖరు తేదీలవే, ఫిబ్రవరివి తప్పిస్తే అన్నీ 30, 31. నా పదివేలలో 30, 31 ఒక్కటీ లేదు.

జనవరిలో డబ్బు సరిగ్గానే పడింది. ఫిబ్రవరి వడ్డీ తేదీ కోసం ప్రోగ్రాం నెల అంకెను ఒకటి పెంచి, రోజును ఉన్నదున్నట్టు ఉంచింది. 30-02-2003, 31-02-2003. డేటాబేస్ వాటిని తిప్పికొట్టింది, అవి పోయి ఎవరూ తెరవని ఫైల్లో పడ్డాయి. ఫిబ్రవరి 28న రిటైరైనవాళ్లకు తప్ప ఎవరికీ వడ్డీ రాలేదు. సరిచెయ్యడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఫోన్ల దగ్గర నన్నే కూర్చోబెట్టారు. ఒక రిటైర్డ్ టీచరుగారు రోజూ చేసేవారు. కోప్పడలేదు. "అమ్మా, నేనేమైనా కాగితం ఇవ్వడం మర్చిపోయానా?" అని అడిగేవారు. మందుల షాపులో అప్పు పెట్టానని ఒకరోజు సిగ్గుపడుతూ చెప్పారు. తప్పు నాదండీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది.

నీ స్క్రిప్టులో 28 అన్న అంకె కనబడిందో, ఊరుకోను చిన్నీ. పక్కనుంటే చెవి మెలేసేదాన్ని. నువ్వు తెలివైనదానివే, కానీ సాయంత్రానికి ఇమ్మంటే ఎంత తెలివైనవాళ్లకైనా చెయ్యి దగ్గరి దారే వెతుక్కుంటుంది. ఎవరైనా తొందరపెడితే రేపిస్తానని చెప్పు. భయపడకు.

ఇంకొకటి. ర్యాండమ్ అంటే అన్నీ తగులుతాయని నమ్మకు. ఉదాహరణకు, 1940 జనవరి 1 నుంచి 1985 డిసెంబరు 31 దాకా 16,802 రోజులు. అందులో ఫిబ్రవరి 29లు పన్నెండే. వెయ్యి తేదీలు తీసినా వాటిలో ఒక్కటీ తగలకపోయే అవకాశం దాదాపు సగం. అందుకే నెలాఖరులు, ఫిబ్రవరి 29, మార్చి 31, ఏప్రిల్ 1, జూలై 1 చేత్తో రాసి విడిగా పెట్టు. 2000 లీపు సంవత్సరం, 1900 కాదు, రెండూ పెట్టు. మన అర్ధరాత్రికి యూటీసీలో, అంటే కంప్యూటర్లు వాడే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఇంకా ముందు రోజు సాయంత్రం 6:30. పుట్టినరోజుకు టైమ్ తగిలించి దాస్తే ఒక రోజు వెనక్కి జరిగిపోవచ్చు, అదీ చూడు. అసలు మనుషుల పుట్టినతేదీలు కాపీ చేసి వాడమని ఎవరన్నా వాడొద్దు.

సీడ్ మర్చిపోకు, అంటే ర్యాండమ్ అంకెల వరస మొదలయ్యే అంకె. అదే సీడ్ ఇస్తే అవే తేదీలు మళ్లీ వస్తాయి. స్క్రిప్టు నడిచిన ప్రతిసారీ ఆ అంకెను లాగ్‌లో, అంటే నడిచిన వివరాలు దాచే ఫైల్లో, రాయించు. ఒక రాత్రి టెస్టు ఫెయిలై, పొద్దున మళ్లీ నడిపితే పాసైందనుకో, ఏ తేదీకి ఫెయిలైందో తెలియక పిచ్చెక్కుతుంది. పాసైంది కదా అని మాత్రం మూసెయ్యకు.

వేళకు తిను. రాత్రిళ్లు కూర్చుంటే హాస్టల్‌కు ఒంటరిగా నడిచి వెళ్లకు, ఆటో ఎక్కాక అమ్మకు ఒక మెసేజ్ పెట్టు.

స్క్రిప్టు పూర్తయ్యాక, మీ ఆఫీసు ఒప్పుకుంటే, నాకూ ఒక కాపీ పంపు. సీడ్ అంకె, నీ పైథాన్ వెర్షనూ రాయి. ఇక్కడ నా కంప్యూటర్లో నడిపి చూస్తాను. నీకొచ్చిన తేదీలే నాకూ రావాలి.

మీ పెద్దమ్మ