పలుచని రేకు కోతకు పనిముట్టు ఎంచుకోవడం గురించి మేనల్లుడికి లేఖ

చిత్తూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

డాబా మీది నీళ్ళ ట్యాంకుకు కోతులు లేపలేని రేకు మూత, పక్కనున్న షెడ్డు అంచుకు వాననీటి దోనె సొంతంగా చేసుకోవాలని ఉందని, అందుకు లోహాన్ని చక్రంతో కోసే చేతి గ్రైండర్ కొనడం మంచిదేనా అని రాశావు. కపిలతీర్థం దాపున ఉన్న ఇళ్ళకు కోతుల బెడద ఎంతటిదో నాకు తెలుసు. ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకునేలోగా దోనె కూడా బిగించి తీరాలి. కనుక పని మానుకోమని చెప్పను. గ్రైండర్ మాత్రం ఈ పనికి కొనవద్దు.

ముందుగా రేకు మందం చూసుకో. రేకు మందాన్ని అంగడిలో గేజి అంకెతో చెబుతారు; ఆ అంకె పెరిగేకొద్దీ రేకు పలుచబడుతుంది. 26 గేజి సుమారు అర మిల్లీమీటరు, 20 గేజి ఇంచుమించు ఒక మిల్లీమీటరు, 16 గేజి 1.6 మిల్లీమీటర్లు ఉంటాయి. అంగడిలో నోటితో చెప్పే గేజిని నమ్మి ఊరుకోకుండా, వెర్నియర్ కాలిపర్‌తో అంచును కొలిచి మిల్లీమీటర్లలో రాసుకో. ఆ తరువాత అది మామూలు ఇనుప రేకా, జింకు పూత వేసిన జి.ఐ. రేకా, రంగు పూత రేకా, స్టెయిన్‌లెస్ స్టీలా అన్నది తేల్చుకో. కోత తిన్ననిదా, వంపు తిరిగేదా, రేకు నడుమ రంధ్రమా అన్నది చివరి ప్రశ్న. ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏ పనిముట్టు కావాలో దానంతట అదే తేలిపోతుంది.

నీ దోనెకు 26 గేజి, మూతకు 24 గేజి జి.ఐ. రేకు చాలు. రెండింటికీ చేతి కత్తెరే తగినది. పాతకాలపు రేకు కత్తెర కన్నా, పిడికి వేసిన బలాన్ని రెండు కీళ్ళ ద్వారా పెంచి కొనకు అందించే ఏవియేషన్ స్నిప్స్ తీసుకుంటే మణికట్టు నొప్పి పుట్టదు. వీటి పిడి రంగుకు అర్థం ఉంది. పసుపు పిడి తిన్నని కోతకు, ఎరుపు పిడి ఎడమవైపు తిరిగే కోతకు, ఆకుపచ్చ పిడి కుడివైపు తిరిగే కోతకు. ఈ రకం సాధారణంగా మెత్తని ఇనుములో 18 గేజి వరకు, స్టెయిన్‌లెస్‌లో 22 గేజి వరకే తట్టుకుంటుంది. అంతకు మించిన మందం మీద బలం ప్రయోగిస్తే అలుగుల, అంటే కత్తెర కోసే రెండు పలకల, నడుమ సందు ఏర్పడి, అటుపైన పలుచని రేకును కూడా తెంపకుండా మడిచేస్తుంది.

కత్తెరను నడిపే తీరు కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది చెడగొట్టేది ఇక్కడే. రేకును అలుగుల మొదలుదాకా లోపలికి జొనిపి కోత మొదలుపెట్టు. అలుగులను పూర్తిగా మూయవద్దు. కొనలు కలుసుకున్న చోటల్లా అంచున చిన్న చీలిక పడి, ఆ తరువాత చేతిని గీరుతుంది. కొంత తెరిచి ఉండగానే ఆపి, కత్తెరను ముందుకు తోసి మళ్ళీ అదుముతూ పో. గీత మీదే ఒక్కసారిగా కోయకుండా, మొదట గీతకు ఒక సెంటీమీటరు అవతల ముతకగా కోసి, రెండోసారి గీత వెంబడి కోస్తే, మిగిలిన సన్నని పట్టీ చుట్టలా లేచి పక్కకు తప్పుకుంటుంది, నీకు కావలసిన ముక్క వంకర పోదు. గీతలను సూదిమొనతో కాక మార్కర్ పెన్నుతో గీయి. ముఖ్యంగా వంచే చోట మొన గీరితే జింకు పూత తెగి, తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది.

గ్రైండర్ వద్దనడానికి ప్రధాన కారణం కూడా ఆ పూతే. కత్తెరతో కోసిన పలుచని రేకు అంచున ఇనుము బయటపడినా, పక్కనున్న జింకు తాను ముందు కరిగిపోతూ ఆ ఇనుమును కొంతకాలం కాపాడుతుంది. గ్రైండర్ వేడి ఆ జింకునే అంచు వెంబడి కాల్చివేస్తుంది. ఎగిరిన రవ్వలు చుట్టుపక్కల పూతలో అతుక్కుని, మొదటి వానకే ఎర్రని చుక్కలుగా తేలుతాయి. రంగు రేకుల మీద ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది. కాలిన జింకు పొగ పీల్చితే చలిజ్వరం వచ్చే ప్రమాదం కూడా ఉంది. పైగా నాలుగు అంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. సరిగా బిగించని పలుచని రేకు అదిరి చక్రాన్ని పట్టేస్తే యంత్రం చేతిలోనుంచి ఎగిరి మీదికి వస్తుంది. మందమైన యాంగిల్, పైపు కోతకు అది అవసరమే, కాదనను. ఎప్పుడైనా వాడవలసి వస్తే ఒక మిల్లీమీటరు మందం కటింగ్ వీల్ వేసి, దాని మీద ముద్రించిన చుట్ల పరిమితి యంత్రం వేగం కన్నా ఎక్కువ ఉందో లేదో, నడుమనున్న లోహపు ఉంగరం మీది గడువు దాటిందో లేదో చూసుకో. చక్రాన్ని కప్పి ఉంచే గార్డు ఎంతమాత్రం తీయవద్దు.

మూతలో పైపు దూరే రంధ్రానికి కత్తెర అనుకూలం కాదు. రేకు కింద చెక్క పెట్టి, రెండింటినీ క్లాంపుతో బిగించి, మెట్లుమెట్లుగా ఉండే స్టెప్ డ్రిల్ బిట్టుతో నెమ్మదిగా పెంచుకుంటూ పో. గుడ్డ గ్లవ్స్ డ్రిల్లు వద్ద వేసుకోవద్దు, బిట్టుకు చుట్టుకుంటాయి.

ఇనుము కోసే చేతి రంపం హాక్సా చౌకే, కానీ పలుచని రేకులో పళ్ళు తట్టుకుని ఊడిపోతాయి. తప్పనిసరైతే అంగుళానికి 32 పళ్ళ బ్లేడు వేసి, రేకును రెండు ప్లైవుడ్ ముక్కల నడుమ బిగించి, రంపాన్ని బాగా వాల్చి కోయాలి. కరెంటుతో నడిచే సన్న రంపం జిగ్‌సాకు కూడా ఈ చెక్క ఆసరా కావాలి, బ్లేడు లోహానికి చెందినదై ఉండాలి. షెడ్డు పైకప్పుకు వేసే అలల రేకులు కోయవలసి వస్తే డ్రిల్లుకు తగిలించే నిబ్లర్ మేలు. అది రేకును వంచకుండా కొరుక్కుంటూ పోతుంది. అయితే అది రాల్చే అర్ధచంద్రాకారపు తునకలు సూదుల్లా ఉంటాయి. డాబా మీద పిల్లలు చెప్పులు లేకుండా తిరుగుతారు కనుక అయస్కాంతంతో ఏరి, ఆపై చీపురుతో ఊడ్చు.

పొడుగైన తిన్నని కోతలన్నీ నువ్వే కోయాలని పట్టుదల పెట్టుకోకు. ఎనిమిది అడుగుల రేకును పట్టీలుగా చేయడానికి షీరింగ్ మిషన్ ఉన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో అడిగితే కాసేపట్లో కోసి ఇస్తారు, అంచు కూడా చక్కగా వస్తుంది. మూలలు, మడతల దగ్గరి కోతలు మాత్రం నీ చేతితో చేసుకో.

ఈ పనికి ఇప్పుడు పసుపు పిడి కత్తెర ఒకటి, సన్నని ఆకురాయి ఒకటి, తోలు గ్లవ్స్, కళ్ళద్దాలు కొనుక్కో. ఎరుపు, ఆకుపచ్చ కత్తెరలు వంపు కోత వచ్చినప్పుడు చూసుకుందాం. కోసిన ప్రతి అంచునూ ఆకురాయితో ఒకే దిశలో రుద్ది, ఆపై జింకు పెయింటు పూయి. రేకు తగిలి లోతుగా తెగితే సబ్బు నీళ్ళతో కడిగి, ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నావో గుర్తు లేకపోతే అదే రోజు వైద్యుడి దగ్గరికి వెళ్ళు. దోనె కొలతలు వేసి నాకు పంపు. ఏ వైపు ఎంత వాలు ఇవ్వాలో చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య