చీనీ అని వెతికితే దొరికిన బత్తాయి వైద్యం

గూగుల్‌లో తెలుగులో ఏది వెతికినా చిట్కాల వీడియోలే వస్తున్నాయి, పనికొచ్చేది రాబట్టడం ఎలా అని అడిగారు. నాకు తెలిసిన కిటుకుల్లో సగం మా నాన్న బత్తాయి తోట పుణ్యమే.

మాది నల్లగొండ దగ్గర పల్లె. నాలుగేళ్ల కిందట చెట్ల ఆకులు పాలిపోతున్నాయని నాన్న ఫోను చేశారు. “బత్తాయి ఆకులు పసుపు ఎందుకు అవుతాయి” అని వెతికాను. బత్తాయి రసం ఒంటికి చలువ అన్నారు, చర్మానికి మంచిదన్నారు. పసుపు అన్న పాపానికి ముఖానికి పసుపు రాసుకునే పద్ధతి కూడా వచ్చింది. చెట్టు సంగతి ఎవరికీ పట్టలేదు.

చాలాసేపటికి గుర్తొచ్చింది, రాయలసీమలో బత్తాయిని చీనీ అంటారని. అనంతపురం, కడప వైపు ఆ తోటలు విస్తారం. అక్కడి రైతుల కోసం రాసిన వ్యాసంలో బత్తాయి అనే మాటే ఉండకపోవచ్చు. చీనీ అని కొట్టగానే సాగు గురించిన పేజీలు వరుస కట్టాయి. ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య భాగం పసుపెక్కితే అది జింకు ధాతు లోపం అని ఒకచోట ఉంది. నాకు కావలసిన మాట అదే! పాలిపోవడం మా ఇంటి మాట, ధాతు లోపం శాస్త్రవేత్తల మాట. దానితో మళ్లీ వెతికితే జింకు సల్ఫేటు పిచికారీ దాకా అన్నీ దొరికాయి. మందు మాత్రం ఉద్యాన అధికారికి ఆకులు చూపించాకే కొట్టాము. అప్పటినుంచి మొదటిసారి వెతికేది మాట కోసం, రెండోసారి వెతికేది జవాబు కోసం. మీరూ జవాబు రాసినవారు ఏ మాట వాడి ఉంటారో ఊహించి, అది టైపు చేయండి.

వెతికే మాటలకు మైనస్, కోట్స్ లాంటి గుర్తులు చేర్చడమూ ఉపయోగపడుతుంది గానీ దానికీ హద్దుంది. మహబూబ్‌నగర్ మర్రిచెట్టు గురించి మా అమ్మాయికి బడిలో వ్యాసం రాయమన్నారు. పిల్లలమర్రి అని వెతికితే 700 ఏళ్లదని చెప్పుకునే ఆ చెట్టుతోపాటు సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి ఊరు, అక్కడి కాకతీయుల నాటి గుళ్లు, పైగా కవి పిల్లలమర్రి పినవీరభద్రుడు కలగలిసి వచ్చారు. మైనస్ గుర్తును ఆనించి సూర్యాపేట అని రాస్తే ఆ మాట ఉన్న పేజీలు తప్పుకుంటాయి. కానీ 2016 దాకా సూర్యాపేట నల్లగొండ జిల్లాలోనే ఉండేది కదా, పాత వ్యాసాల్లో జిల్లా పేరే ఉండి గుళ్లు మళ్లీ వచ్చాయి. చివరికి పని చేసింది ‘ఊడలు’ అన్న ఒక్క మాట. గుడికి ఊడలుండవు, కవికీ ఉండవు.

పదాలను కోట్స్ మధ్య పెడితే సరిగ్గా అవే మాటలున్న పేజీలు వస్తాయి. ఊరి పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. నల్గొండ, నల్లగొండ రెండూ వాడుకలో ఉన్నాయి. ఒకే ఊరిని కొందరు పాలమూరు అంటారు, కొందరు మహబూబ్‌నగర్ అంటారు. ఒక రూపాన్నే బిగించి అడిగితే రెండోది జారిపోతుంది.

భూముల విషయమైతే ముందు తేదీ చూడండి. తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబరులో వచ్చింది, దాని స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి భూభారతి. ఇప్పటికీ ధరణి నాటి వీడియోలు పైకి తేలుతుంటాయి. కంప్యూటర్‌లో టూల్స్ నొక్కి గత ఏడాదివే చూపమనవచ్చు. ఇంగ్లిషులో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా జీఓవీ డాట్ ఇన్ అని చేరిస్తే ప్రభుత్వ పేజీలే మిగులుతాయి. ఇది తెలియక ఒకసారి అన్నిటికంటే పైనున్న లంకె నొక్కి, ఉచితంగా వచ్చే దరఖాస్తుకు రుసుము కట్టాను. స్పాన్సర్డ్, అంటే డబ్బిచ్చి పెట్టించిన ప్రకటన అని సన్నగా రాసే ఉంది. చదవనిది నేనే.

నాన్న ఇప్పుడు తానే మైకు నొక్కి వెతుకుతున్నారు. ఎదురుగా మనిషి కూర్చున్నట్టు బోరు ఎండిన దగ్గరనుంచి మొదలుపెట్టి తోట కష్టమంతా చెప్పుకుంటారు. ఏమీ రాకపోతే నాకు ఫోను చేస్తారు. అందులోంచి మూడు మాటలు ఏరి ఇవ్వడం నా పని.