రంగు కాదు, రూపం చూడండి

(విమానాల మీద పాఠకుల ప్రశ్నలకు, బేగంపేట విమానాశ్రయంలో మెయింటెనెన్స్ పని చేసి రిటైరైన ఇంజినీరు జవాబులు)

ప్రశ్న: మా ఇల్లు శంషాబాద్ దగ్గర. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి మేడ మీద నిలబడి "అది బోయింగ్, ఇది ఎయిర్‌బస్" అని చెప్పేస్తుంటాడు. నాకేమో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాడు నిజంగానే గుర్తుపడుతున్నాడా? నేనూ నేర్చుకోవచ్చా సార్?
– ఒక పాఠకురాలు, శంషాబాద్

నిజంగానే గుర్తుపడుతున్నాడమ్మా. మీరూ తప్పకుండా నేర్చుకోవచ్చు. ముందు ఒక అలవాటు మానేయాలి, అదే తోక మీది రంగు చూసి పేరు చెప్పడం. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌నే తీసుకోండి. వాళ్ల దగ్గర బోయింగ్ 737లు ఉన్నాయి, ఎయిర్‌బస్ ఎ320లు కూడా ఉన్నాయి. కంపెనీ చేతులు మారితే పెయింటు మారిపోతుంది. విమానం ముక్కు, తోక మాత్రం ఎప్పటికీ అవే.

విమానం పైకి లేచి చక్రాలు ముడుచుకున్నాక దాని పొట్ట చూడండి. రెండు నల్లటి గుండ్రాలు కనిపించాయా, అది 737. దాని ప్రధాన చక్రాలకు పూర్తి మూతలుండవు. టైర్లు పొట్టలోని గూళ్లలోకి వెళ్లి కూర్చుంటాయి, వాటి బయటి వైపు మనకు కనిపిస్తూనే ఉంటుంది. ఎ320కి ఆ చోట తలుపులు మూసుకుంటాయి, పొట్ట నున్నగా ఉంటుంది.

ఆ తర్వాత ఇంజిన్. 737 ఇంజిన్‌ను ఎదురుగా చూస్తే కింది భాగం చదునుగా ఉంటుంది. ఎందుకలా అన్నది తెలిస్తే ఇక మరచిపోరు. 737 మొదట ఎగిరింది 1967లో. చిన్న ఊళ్ల విమానాశ్రయాల్లో పెద్ద పరికరాలేమీ లేకుండానే సామాను ఎక్కించాలని దాన్ని నేలకు బాగా దగ్గరగా, పొట్టి కాళ్లతో కట్టారు. అప్పటి ఇంజిన్లు సన్నగా, పొడుగ్గా ఉండేవి కాబట్టి ఇబ్బంది లేదు. బేగంపేటలో నేను పని చేసిన పాత 737-200లకు ఇంజిన్ కవర్లు తెరవడానికి నిచ్చెన కూడా అక్కర్లేదు, నేల మీద నిలబడే పని జరిగేది. 1980లలో లావుపాటి కొత్త ఇంజిన్ పెట్టాల్సి వచ్చేసరికి కింద చోటు చాల్లేదు. దాంతో ఇంజిన్ కింద ఉండే పంపులు, గేర్‌బాక్సు లాంటివి పక్కలకు జరిపి, అడుగు భాగాన్ని చదును చేశారు. ఎ320 మొదట ఎగిరింది 1987లో. అది మొదటి నుంచీ ఎత్తు కాళ్ల మీద నిలబడ్డ విమానం, అందుకే దాని ఇంజిన్ చక్కగా గుండ్రంగా ఉంటుంది.

విమానం పక్కనుంచి వెళ్తుంటే తోక చూడండి. 737 నిలువు తోక వెన్ను మీద ఏటవాలుగా మొదలై, కొంత దూరం పోయాక ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ మడత చాలా దూరం నుంచి తెలుస్తుంది. ఎ320 తోక ముందంచు దాదాపు ఒకే గీత. ముక్కు విషయానికొస్తే 737ది కొంచెం మొన తేలి ఉంటుంది, ఎ320ది గుండ్రం.

రెక్కల కొసలు కూడా చెబుతాయి గానీ, వాటినొక్కదాన్నే నమ్ముకోవద్దు. కొన్ని విమానాలకు తర్వాత కొత్త కొసలు బిగిస్తారు. 737 మ్యాక్స్ అయితే కొస రెండుగా చీలి, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటుంది. కొత్త ఎ320లకు ఒక్కటే, పైకి వంపు తిరిగి, సుమారు 2.4 మీటర్ల ఎత్తుంటుంది. రెక్క కింది గాలి కొస దగ్గర పైకి తిరిగి సుడులు కట్టి విమానాన్ని వెనక్కి లాగుతుంటుంది. ఆ సుడిని తగ్గించి ఇంధనం మిగల్చడానికే ఇవన్నీ.

సాధన చేయాలంటే ఒక దారి చెబుతాను. ఆకాశ ఎయిర్ నడిపేవన్నీ 737 మ్యాక్స్‌లే. ఇండిగో జెట్లలో ఎక్కువ భాగం ఎ320 కుటుంబానివి. వారం పాటు ఈ రెండింటినే చూడండి. కళ్లకు అలవాటయ్యాక ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం వచ్చినప్పుడు మీ అబ్బాయి కంటే ముందు మీరు చెప్పండి.

పెద్ద విమానాల సంగతి తేలిక. ఒక్కో వైపు ప్రధాన చక్రాలు ఆరేసి కనిపిస్తే చాలావరకు బోయింగ్ 777. రెక్క కొసలు మడత లేకుండా సన్నగా వెనక్కి సాగి, ఇంజిన్ వెనకంచు రంపపు పళ్లలా ఉంటే 787. కాక్‌పిట్ అద్దాల చుట్టూ నల్ల కళ్లజోడు పెట్టుకున్నట్టు కనిపిస్తే ఎయిర్‌బస్ ఎ350.

ప్రశ్న: కడప నుంచి హైదరాబాద్‌కు ఫ్యాన్ల విమానంలో వెళ్లాను. రెక్క పైన ఉంది, ఎక్కడమేమో వెనక నుంచి. పాతకాలం విమానమేమో అని కాస్త టెన్షన్ పడ్డాను.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

టెన్షన్ అక్కర్లేదండీ. మీరెక్కింది ఏటీఆర్ 72. తిరిగే ఆ ఫ్యాన్లు జెట్ ఇంజిన్ లాంటి టర్బైన్‌తోనే నడుస్తాయి. తక్కువ దూరాలకు ఇంధనం తక్కువ తాగుతుంది, చిన్న రన్‌వే చాలు. ప్రొపెల్లర్ అడ్డంగా దాదాపు 4 మీటర్లు ఉంటుంది, అది నేలకు తగలకూడదు. రెక్కను పైన పెడితే ఆ సమస్య తీరిపోతుంది, విమానం ఒళ్లు మాత్రం నేలకు దగ్గరగానే ఉంటుంది. అందుకే నాలుగు మెట్లెక్కి లోపలికి వెళ్లిపోతారు. ముందు భాగంలో, కాక్‌పిట్ వెనకాల, సామాను గది ఉంది కాబట్టి మనకు తలుపు వెనక.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది, క్యూ400. స్పైస్‌జెట్ నడిపేది. చక్రాలు ఎక్కడ నుంచి దిగుతున్నాయో చూస్తే తేడా తెలిసిపోతుంది. పొట్ట పక్కన ఉబ్బుల్లోంచి దిగితే ఏటీఆర్. రెక్క కింద ఇంజిన్‌లోంచి పొడుగాటి కాళ్లు దిగితే క్యూ400.

ప్రశ్న: విశాఖలో సముద్రం మీద బూడిద రంగు విమానం చూశాను. అచ్చం 737లా ఉంది, కిటికీల వరస మాత్రం లేదు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

బాగా చూశారు, కిటికీలు గమనించడం చాలా మందికి తట్టదు. మీరు చెప్పినదాన్ని బట్టి అది మన నౌకాదళం పీ-8ఐ. 737 నుంచే పుట్టింది. జలాంతర్గాముల్ని వెతకడం దాని పని. మన దగ్గర 12 ఉన్నాయి, వీటి మొదటి స్థావరం తమిళనాడులోని అరక్కోణం. ఈసారి కనిపిస్తే తోక చివర చూడండి, వెనక్కి పొడుచుకొచ్చిన కడ్డీ ఉంటుంది. నీటి అడుగున ఇనుప జలాంతర్గామి ఉంటే అక్కడి అయస్కాంత క్షేత్రంలో చిన్న మార్పు వస్తుంది. దాన్ని పట్టే పరికరం అందులో ఉంటుంది. విమానం సొంత లోహం, కరెంటు అడ్డురాకుండా వీలైనంత దూరంగా తోక చివర పెట్టారు. అమెరికా నౌకాదళం వాడే పీ-8ఏకి ఈ కడ్డీ లేదు.

ప్రశ్న: ఫోన్‌లో యాప్ తెరిస్తే పైన పోయే విమానం పేరు, నంబరు అన్నీ వస్తాయి. ఇంకా ఇదంతా నేర్చుకోవడం ఎందుకు సార్?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

యాప్ నేనూ వాడతాను బాబూ. ముందు చూసి పేరు అనుకుంటాను, ఆ తర్వాతే ఫోన్ తీస్తాను. యాప్ అది 737 అని చెబుతుంది, ఇంజిన్ అడుగు ఎందుకు చదునుగా ఉందో చెప్పదు. ఇంజినీరింగ్ చదివేవాడివి, నీకు కావాల్సింది ఆ రెండోదే. పైగా దుండిగల్ మీద తిరిగే వాయుసేన శిక్షణ విమానాల లాంటివి చాలాసార్లు యాప్‌లో కనిపించవు. అక్కడ ముక్కున ప్రొపెల్లర్, రెక్క కింద వైపు, గాజు గూడులో ఒకరి వెనక ఒకరు కూర్చున్న ఇద్దరు కనిపిస్తే అది పిలాటస్ పీసీ-7.

ప్రశ్న: 2016లో శంషాబాద్‌లో ఆరు ఇంజిన్ల విమానం చూశానంటే ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు.
– ఒక పాఠకుడు, షాద్‌నగర్

నమ్మమనండి. ఆ ఏడాది మే నెలలో ఆంటనోవ్ ఏఎన్-225 శంషాబాద్‌లో దిగింది. ప్రాగ్ నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు భారీ జనరేటర్ మోసుకెళ్తూ ఇక్కడ ఆగింది. రెక్కల వెడల్పు 88 మీటర్లు, చక్రాలు 32. అలాంటిది పూర్తయి ఎగిరింది ప్రపంచంలో అదొక్కటే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంలో ధ్వంసమైంది.

ఇంట్లో వాళ్లకు దాని తోక గురించి కూడా చెప్పండి. మధ్యలో నిలువు తోక లేదు, అడ్డ తోక రెండు చివర్లా రెండు ఉన్నాయి. సోవియట్ అంతరిక్ష నౌక బురాన్‌ను వీపు మీద మోయడానికి కట్టిన విమానం అది. వీపు మీద అంత పెద్ద వస్తువు ఉంటే దాని వెనక గాలి చెదిరిపోతుంది, నడిమి తోక సరిగా పని చేయదు. అందుకే తోకల్ని ఆ గాలికి అందకుండా పక్కలకు జరిపారు. దాని అన్న ఏఎన్-124 ఇప్పటికీ తిరుగుతోంది. దానికి నాలుగే ఇంజిన్లు, మధ్యలో ఒకటే తోక.