డబ్బా చప్పుడికి రాని కోడిపెట్ట

ప్రశ్న: గింజల డబ్బా ఆడిస్తే చాలు, మా పెట్ట ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. పది రోజుల కిందట కుక్క పట్టుకుని కాలికి గాయమైంది. అప్పట్నుంచి ఎంత ఆడించినా కదలదు. అలవాటు మర్చిపోయిందా? ల్యాబుల్లో పక్షులకి ఇలాంటివి నేర్పిస్తారుగా, వాటికి దెబ్బ తగిలితే ఏమవుతుంది?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మర్చిపోయి ఉండదండి. ఈసారి డబ్బా ఆడించినప్పుడు దాని కాళ్ళు కాదు, తల చూడండి. మెడ నిక్కించి మీ వైపు తిరిగిందంటే ఆ చప్పుడేంటో దానికి తెలుసు, నడిచి రావడమే కష్టం. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ పరిశోధకులు 1999లో బ్రాయిలర్ కోళ్ళని అడ్డంకులున్న దారిలో నడిపించి చూశారు. మామూలు కోడికి 11 సెకన్లు పడితే కుంటిదానికి 34 పట్టింది, నొప్పి తగ్గించే కార్‌ప్రొఫెన్ ఇచ్చాక అదే 18కి దిగింది. తర్వాత రెండు దాణాలు పెట్టి ఒకదాంట్లో ఆ మందు కలిపితే, కుంటి కోళ్ళు మందున్నదే ఎక్కువ తిన్నాయి. నొప్పిలో కూడా ఏది తింటే హాయిగా ఉంటుందో పట్టేశాయన్నమాట.

ఇంకోటి, ఇది నన్ను బాగా కదిలించింది. ఎడిన్‌బరో దగ్గర రోస్లిన్‌లో మైకేల్ జెంటిల్ బృందం కీలు వాచిన కోళ్ళని గమనించింది. ఒంటికాలి మీద నిలబడి, కుంటుతూ ఉన్న కోడి బాగా ఆకలి మీదుండి తిండి కనిపిస్తే, తింటున్నంతసేపూ నొప్పి లేనట్టే మసిలేది. నొప్పి తగ్గించే మార్ఫిన్ పనిని అడ్డుకునే నాలాక్సోన్ అనే మందు ఇస్తే నొప్పి గుర్తులు మళ్ళీ కనిపించాయి, అంటే దాని ఒళ్ళే మార్ఫిన్ లాంటి పదార్థాన్ని తయారు చేసుకుంటోంది. అందుకని రేపు మీ పెట్ట ఆకలికి పరిగెత్తుకొచ్చినా నయమైపోయిందని వదిలేయకండి, తినడం అయ్యాక ఎలా నిలబడుతోందో చూడండి.

పది రోజులైనా కదలట్లేదంటే ఎముక విరిగిందేమో, గాయం చీము పట్టిందేమో, ఇవాళే పశువుల డాక్టరుకి చూపించండి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు మాత్రం వద్దు. అలాంటి నొప్పి మందే డైక్లోఫెనాక్, అది వాడిన పశువుల కళేబరాలు తినే మన రాబందులు అన్నన్ని చచ్చిపోయాయి. గిన్నె దాని ముక్కు ముందే పెట్టండి. రాలేదు కదా అని గింజలు వేయకుండా ఊరికే డబ్బా ఆడిస్తూ పోతే మాత్రం ఆ అలవాటు నిజంగానే పలచబడుతుంది, కాబట్టి దాని దగ్గరికి వెళ్ళి, మెల్లగా రెండుసార్లు ఆడించి, వెంటనే గింజలు పోయండి.