తొలి ఆల్బమ్ విడుదలకు ముందు: మా అమ్మాయికి రాసిన లేఖ

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ బృందం తొలి ఆల్బమ్ రికార్డింగ్ ముగిసిందనీ, ఈ ఏడాదిలోనే విడుదల చేయాలని ఆత్రపడుతున్నారనీ మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన పాటలన్నీ రెండేసి సార్లు విన్నాను. చెన్నై రికార్డింగ్ థియేటర్లలో పని మొదలుపెట్టి న్యూజెర్సీలోని ఒక మాస్టరింగ్ గదిలో (రికార్డింగ్‌కు చివరి మెరుగులు దిద్దే చోటు) పదవీ విరమణ చేసినవాడికి డాన్స్-పంక్, అంటే నాట్యపు తాళంతో సాగే మీ పంక్ రాక్, ఏం తెలుసునని మీ బ్రూక్లిన్ మిత్రులు నవ్వుకోవచ్చు. వారి గిటార్ శబ్దం గురించి నేను ఏమీ చెప్పను. కానీ బేస్ గిటార్, డ్రమ్స్ కలిసి ఒక గదిలోని మనుషుల కాళ్లను ఎలా కదిలిస్తాయో వినడమే నా జీవితమంతా చేసిన పని. మీ పాటలకు ప్రాణం ఆ రెండింటిలోనే ఉన్నది. అందుచేత విడుదలకు ముందు మీరు తీసుకునే ప్రతి నిర్ణయంలోనూ, అది కాగితమైనా, వాద్యాల శబ్దాలన్నీ కలిపే మిక్స్ అయినా, పాటల వరస అయినా, బేస్‌కూ డ్రమ్స్‌కూ దక్కవలసినది దక్కిందా అని ఒకసారి అడిగి చూసుకోండి.

ముందు కాగితాల సంగతి చెబుతాను, ఎందుకంటే మీరు దానినే అన్నిటికన్నా చివరకు నెడతారని నాకు తెలుసు. పాటకు రెండు వేరువేరు హక్కులు ఉంటాయి. మాటలు, బాణీ కలిసిన రచన మీద ఒకటి, మీరు స్టూడియోలో చేసిన రికార్డింగ్ మీద మరొకటి. రచన ఎవరిది అన్న ప్రశ్న వచ్చినప్పుడు లోకం సాధారణంగా మాటలు రాసినవారి వైపు, పాడే బాణీ కట్టినవారి వైపు చూస్తుంది. మీ సంగీతంలోనేమో చాలా పాటలు నువ్వు వాయించిన నాలుగు స్వరాల బేస్ వరస నుంచి పుట్టాయి, గాయకుడు దాని మీద తర్వాత మాటలు వేశాడు. ఆ సంగతి ఇవాళ మీ నలుగురికీ గుర్తున్నది. పదేళ్ల తర్వాత ఒక ప్రకటనల సంస్థ మీ పాటను కోరినప్పుడు ఎవరి జ్ఞాపకం వారిదే అవుతుంది.

ఈ సంగీతపు చరిత్రే అందుకు సాక్ష్యం. మీ న్యూయార్క్‌లోనే, దక్షిణ బ్రాంక్స్ ప్రాంతపు అక్కచెల్లెళ్లు నడిపిన ఇఎస్‌జి అనే బృందం 1981లో తెచ్చిన తొలి రికార్డులోని ఒక వాద్య సంగీతపు ముక్కను హిప్-హాప్ కళాకారులు లెక్కలేనన్ని సార్లు తమ పాటల్లో వాడుకున్నారు. వారికి దక్కిన సొమ్ము ఎంత స్వల్పమంటే, శాంపిల్ (ఇతరుల రికార్డు నుంచి తీసి వాడుకున్న ముక్క) కింద పేరు వేసినంత మాత్రాన తమ బిల్లులు తీరవన్న అర్థం వచ్చే పేరునే 1992లో ఒక రికార్డుకు పెట్టుకున్నారు. అదే నగరంలో లిక్విడ్ లిక్విడ్ బృందం 1983లో విడుదల చేసిన ఒక పాటలోని బేస్ వరసను మరో కంపెనీ వాద్యకారులు తిరిగి వాయించి, మాదకద్రవ్యాల మీద వచ్చిన ఒక ప్రసిద్ధ ర్యాప్ పాటకు పునాది చేసుకున్నారు. న్యాయపోరాటం జరిగింది, కానీ ఆ బృందం వెనుక ఉన్న చిన్న కంపెనీ ఆ తర్వాత నిలవలేదు. రెండు చోట్లా ప్రపంచం ఎత్తుకుపోయినది గొంతును కాదు, తాళాన్నీ బేస్‌నూ. ఇది నీకు ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే మీ బృందంలో బేస్ వాయించేదానివి నువ్వే.

మద్రాసులో మా కాలపు వాద్యకారులకు కాల్షీటు లెక్కన డబ్బు ముట్టేది, క్యాసెట్ అట్ట మీద వారి పేరు సాధారణంగా ఉండేది కాదు. మన దేశంలో పాట రచయితలకూ సంగీత దర్శకులకూ రాయల్టీ హక్కును బలపరుస్తూ 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు, అది మంచి పని, కానీ గిటార్ వరస వాయించినవాడిని అది దానంతటదే రచయితగా లెక్కించదు. కాబట్టి చట్టం మిమ్మల్ని చూసుకుంటుందని అనుకోకుండా మీరే రాసుకోవాలి. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరపు గ్యాంగ్ ఆఫ్ ఫోర్ బృందం 1979 నాటి తమ తొలి ఆల్బమ్‌లో పాటల రచనను నలుగురి పేరిటా వేసింది, బేస్, డ్రమ్స్ వాయించినవారితో సహా. మీరూ అలాగే సమానంగా పంచుకోవాలని నా అభిప్రాయం. పాటకొక లెక్క, పల్లవికొక లెక్క అని కొలవడం మొదలుపెడితే రిహార్సల్ గది కాస్తా పంచాయతీ అరుగు అవుతుంది.

ఒకటి రెండు పేజీలు చాలు. రచనలో ఎవరి వాటా ఎంత, రికార్డింగ్‌లో ఎంత, స్టూడియో ఖర్చు ఎవరు పెట్టారు, అది ముందుగా తీరాకే లాభం పంచుకోవాలా, ఎవరైనా బృందం నుంచి తప్పుకుంటే పేరు ఎవరిది, తప్పుకున్నవారికి పాత పాటల వాటా కొనసాగుతుందా అన్నవి మామూలు మాటల్లో రాసి, నలుగురూ సంతకాలు చేయండి. మీ ప్రొడ్యూసర్‌తో మాట మాత్రమే అనుకున్నారని విన్నాను. ఆయనకు రొక్కం మాత్రమేనా, రాబడిలో శాతం కూడానా అన్నది ఆయన చేతనే రాయించండి. తర్వాత ఒక సంగీత న్యాయవాదికి ఒకసారి చూపిస్తే అయ్యే రుసుము, తగాదా వచ్చాక అయ్యే రుసుముతో పోలిస్తే ఏమీ కాదు.

అమెరికా కాపీరైట్ కార్యాలయంలో నమోదును కూడా వాయిదా వేయవద్దు. ఒకే ఆల్బమ్‌లోని పాటలను, షరతులకు లోబడి, ఒకే దరఖాస్తులో 20 వరకు నమోదు చేసుకునే సౌకర్యం ఉన్నది. విడుదలైన మూడు నెలలలోపు నమోదు చేసుకుంటే, ఆ తర్వాత ఎవరైనా కాజేసినప్పుడు నష్టాన్ని రూపాయి రూపాయిగా నిరూపించనవసరం లేకుండా చట్టం నిర్ణయించిన పరిహారం కోరవచ్చు. ఆ గడువు దాటిపోయి, అప్పటికే ఎవరైనా వాడుకోవడం మొదలుపెట్టి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. పాట రేడియోలోనో సభలోనో వినబడినప్పుడు రచనకు వచ్చే ప్రదర్శన రాయల్టీకి, దానిని వసూలు చేసే ఆస్కాప్‌లోనో బిఎంఐలోనో చేరండి, స్ట్రీమింగ్‌లో రచన తాలూకు యాంత్రిక రాయల్టీని (పాటను ప్రతిగా వాడినందుకు వచ్చే సొమ్ము) వసూలు చేయడానికి 2021 నుంచి ఎంఎల్‌సి అనే సంస్థ ఉన్నది. వీటన్నిటికన్నా బృందాలు ఎక్కువగా మరచిపోయేది సౌండ్ ఎక్స్ఛేంజ్ అనే వసూలు సంస్థను. ఇంటర్నెట్ రేడియో వంటి చోట్ల నుంచి వసూలైన దానిలో అది 50 శాతం రికార్డింగ్ హక్కుదారుకూ, 45 శాతం ముఖ్య కళాకారులకూ, మిగిలిన 5 శాతం అదనపు వాద్యకారుల, గాయకుల నిధికీ ఇస్తుంది. ఆ 45 శాతంలో నీకూ మీ డ్రమ్మర్‌కూ వాటా ఉన్నది, మాటలు రాయకపోయినా.

ఇక పాటలు. ఇంతకు ముందే విడిగా విడుదలైన రెండు పాటలనూ (సింగిల్స్) ఆల్బమ్‌లోకి చొప్పించాలా అని అడిగావు. న్యూయార్క్ డాన్స్-పంక్ బృందం ఎల్‌సిడి సౌండ్‌సిస్టమ్ 2002 నుంచి సింగిల్స్ తెచ్చి, 2005లో తొలి ఆల్బమ్ వచ్చినప్పుడు వాటిని వేరే డిస్కులో పెట్టి, ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా ఉంచింది. మీ రెండు పాటల్లో వేగంగా ఉన్నదాన్ని అలాగే పక్కన పెట్టండి, అది మిగిలిన పాటల నడకను చెడగొడుతున్నది. రెండోదానిని ఉంచవచ్చు. ఏడో పాటను పూర్తిగా తీసివేయమంటాను, నీకు కోపం వచ్చినా సరే. అది మీ గాయకుడికి ఇష్టమైన పాట, వినేవారికి కాదు.

ఎల్పీ రికార్డు అచ్చు వేయాలనుకుంటున్నారు కాబట్టి నిడివిని ఇప్పుడే తగ్గించడం మంచిది. 12 అంగుళాల రికార్డు నిమిషానికి 33 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో వైపు 18 నిమిషాల దరిదాపులో ఉంటే బేస్‌ను గాడిలో బలంగా కోయవచ్చు. 22 దాటితే గాడులు దగ్గరపడి, శబ్దం మొత్తాన్ని తగ్గించవలసి వస్తుంది, ముందు పలచబడేది నీ వాద్యమే. గాడి లోపలికి పోయేకొద్దీ ముల్లు కింద వేగం తగ్గి, హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) శబ్దమూ, పాటలోని సకారాలూ గీరుకుంటాయి. కనుక గట్టిగా మోగే పాటలు ప్రతి వైపు మొదట్లోనూ, నెమ్మదైనవి చివరనూ రావాలి. మూడో పాటలో సింథసైజర్‌పై వాయించిన బేస్‌ను రెండు స్పీకర్లకూ విడదీసి పరిచారు. హెడ్‌ఫోన్‌లో బాగున్నది గానీ, లోతైన శబ్దం రెండు వైపులా ఒకదానికొకటి ఎదురుతిరిగితే ముల్లు ఎగిరి గాడి తప్పుతుంది. దానిని మధ్యకు తేవాలి.

మిక్స్‌లో ప్రతిధ్వని ఎక్కువైంది. గ్యాంగ్ ఆఫ్ ఫోర్ రికార్డులు ఇప్పటికీ అంత పదునుగా వినబడడానికి కారణం వాటి పొడితనం, వాద్యానికీ వాద్యానికీ మధ్య ఉన్న ఖాళీ. స్నేర్ డ్రమ్ దెబ్బ పడి ఆగిపోవాలి, ఆ ఆగిన చోటే కాలు పడుతుంది. మాస్టరింగ్‌లో గట్టిగా నొక్కించి పోటీ పడాలన్న కోరికను కూడా మానుకోండి. స్పాటిఫై మామూలు అమరికలో శబ్దాన్ని మైనస్ 14 ఎల్‌యుఎఫ్‌ఎస్ (శబ్దపు గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరకు తెచ్చి వినిపిస్తుంది, అంటే మీరు నొక్కి పెంచిన గట్టిదనాన్ని అది తిరిగి తగ్గిస్తుంది, నలిగిపోయిన డ్రమ్స్ మాత్రం నలిగినట్టే మిగులుతాయి. ఎల్పీకీ స్ట్రీమింగ్‌కూ వేరువేరు మాస్టర్లు చేయించండి.

విడుదల తేదీని మాత్రం ఇప్పుడే ప్రకటించవద్దు. అచ్చు కర్మాగారాలకు నెలలు పడుతుంది, పరీక్ష ప్రతి వచ్చి, దానిని మొదటి నుంచి చివరి దాకా విని ఒప్పుకున్న తర్వాతే తేదీ వేయాలి. స్ట్రీమింగ్ మీద ఆశలు తక్కువగా పెట్టుకోండి. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి కనీసం 1,000 సార్లు వినబడని పాటకు రాబడి లేదు. సంగీతకారులు తమ పాటలను నేరుగా అమ్ముకునే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం, వస్తువుల మీద 10 శాతం తీసుకుని మిగిలినది మీకే ఇస్తుంది, చెల్లింపు రుసుములు పోను. మీవంటి బృందానికి ముందుగా డబ్బు కనబడేది అక్కడే, ప్రదర్శనల దగ్గర పెట్టే బల్ల మీదే.

విడుదల రోజు ప్రదర్శనకు పెద్ద హాలు కోసం వెదకకండి. నిండిన చిన్న గది కావాలి, అందులో లోతైన శబ్దాన్ని వినిపించే మంచి సబ్‌వూఫర్ ఉండాలి. హాలు యజమానితో అద్దె కన్నా ముందు దాని గురించి అడుగు.

ఒప్పందం చిత్తు ప్రతి సిద్ధమైతే నాకు పంపించు. సవరించిన మిక్స్‌లను ఎంపీ3లుగా కాకుండా 24 బిట్ వేవ్ ఫైళ్లుగా పంపాలి, అప్పుడే మూడో పాట సంగతి తేల్చగలను. మీ నాన్నకు ఇవేవీ చెప్పనవసరం లేదు, ఆయన ఇంకా ఎం.ఎస్. పూర్తి చేసే తేదీ గురించే అడుగుతున్నాడు.

ఆశీస్సులతో,
పెదనాన్న