నమూనా ఎందుకు తీశారో ముందు అడుగు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ ప్రాంతంలో కరోనా వేరియంట్ల వ్యాప్తిని గమనించే బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంటి పిల్ల ఇంతటి పనికి ఎదిగిందని గర్వంగా ఉంది, దాని వెంటే దిగులూ పట్టుకుంది. ల్యాబులో నీ పనితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు. కానీ నీ పట్టికలోని ఒక శాతాన్ని చూసి ఆసుపత్రుల్లో పడకలు పెంచాలో వద్దో, రాకపోకలపై ఆంక్షలు పెట్టాలో వద్దో నిర్ణయించేవాళ్లు ఉంటారు. నిద్ర పట్టక ఈ ఉత్తరం రాస్తున్నాను.

తెలిసిన సంగతులు తెలిసినట్టే చెప్పి వదిలేస్తాను. నమూనాలు దారిలో చల్లదనం కోల్పోకుండా చూసుకో. సీటీ విలువ (పరీక్షలో వైరస్ కనబడడానికి పట్టిన చక్రాల సంఖ్య) 30 దాటిన నమూనాలలో వైరస్ తక్కువగా ఉంటుంది కనుక పూర్తి జన్యుక్రమం రావడం కష్టం. ప్రతి విడతలోనూ నెగటివ్ కంట్రోల్, అంటే వైరస్ లేదని ముందే తెలిసిన నమూనా, తప్పనిసరి.

ఇక నా మనసులో ఉన్న అసలు మాట. నేను ఉద్యోగంలో ఉండగా ఒక ల్యాబు నుంచి మాకు వారం వారం పట్టికలు వచ్చేవి. ఒక వారం కొత్త వేరియంట్ వాటా అంతకు ముందు వారం కన్నా ఎన్నో రెట్లు పెరిగినట్టు వచ్చింది. ఆ సాయంత్రానికే నివేదిక పైకి వెళ్లింది, మర్నాటికి ఆ జిల్లా పేరు వార్తల్లోకి ఎక్కింది. నాకెందుకో అంత దూకుడు నమ్మబుద్ధి కాక, నమూనాలతో వచ్చిన కాగితాలు తెప్పించి ఒక్కొక్కటే చూశాను. సగానికి పైగా కాగితాలు ఒకే చేతిరాతలో, ఒకే తేదీతో, ఒకే విద్యార్థి వసతి గృహం చిరునామాతో ఉన్నాయి. అక్కడ కేసులు గుంపుగా రావడంతో అందరి నమూనాలూ సీక్వెన్సింగ్‌కు, అంటే వైరస్ జన్యుక్రమం చదవడానికి, పంపారు. అది చేయవలసిన పనే. వాటిని జిల్లా అంతటి నుంచి యాదృచ్ఛికంగా ఎంచిన నమూనాలతో కలిపేసి శాతం కట్టడమే తప్పు. 'నమూనా తీయడానికి కారణం' అన్న గడి ఆ పట్టికలో పై నుంచి కింది దాకా ఖాళీగా ఉంది, దాన్ని నింపమని ఎవరూ ఎవరినీ అడగలేదు. తరువాత అంకె సవరించారు గానీ, సవరణను ఎవరు చదువుతారు? కోలుకుని ఇళ్లకు వెళ్లిన ఆ పిల్లల్ని ఇరుగుపొరుగు గుమ్మంలోకి కూడా రానివ్వలేదని విన్నాను. ఒక గడి ఖాళీగా ఉన్నందుకు ఆ పసివాళ్లు పడిన బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

అందుకని రెండు పట్టికలు వేరువేరుగా పెట్టుకో. ప్రయాణికులు, గుంపు కేసులు, రెండోసారి సోకినవారు, తీవ్రంగా జబ్బుపడినవారు ఒక దానిలో ఉండాలి, ఎందుకంటే కొత్తది తొందరగా కంటబడేది అక్కడే. ఏ వేరియంట్ ఎంత వాటాలో ఉందో చెప్పే అంకె మాత్రం యాదృచ్ఛికంగా ఎంచిన నమూనాల నుంచే రావాలి. ఒక్క శాతం వాటా ఉన్న వేరియంట్ కనీసం ఒకసారైనా దొరుకుతుందని 95 శాతం భరోసాతో చెప్పాలంటే సుమారు 300 నమూనాలు కావాలి. ముప్పై తీసి 'మా దగ్గర లేదు' అని రాయకు. చిన్నప్పుడు లెక్క సగం చదివి జవాబు రాసేసేదానివి, ఎన్నిసార్లు కోప్పడ్డానో నీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఆ తొందర పనికిరాదు. నమూనాలే పంపని మండలాన్ని పటంలో వేరియంట్ లేని మండలంగా చూపించడం కూడా ఆ తొందరలాంటిదే. దానికి వేరే రంగు వెయ్యి.

తేదీ విషయంలోనూ జాగ్రత్త. వ్యాప్తిని నమూనా తీసిన తేదీ ప్రకారం గీయాలి, ఫలితం వచ్చిన తేదీ ప్రకారం కాదు. చివరి రెండు మూడు వారాల ఫలితాలు ఇంకా వస్తూనే ఉంటాయి కనుక ఆ భాగంలో గీత కిందికి దిగితే వ్యాప్తి తగ్గిందని సంబరపడకు.

దగ్గరి దారుల మీద పూర్తిగా ఆధారపడవద్దు. ఆల్ఫా వేరియంట్ స్పైక్‌లో, అంటే వైరస్ పైనున్న ముల్లులాంటి ప్రొటీన్‌లో, 69, 70 స్థానాలు లోపించడం వల్ల కొన్ని ఆర్టీపీసీఆర్ కిట్లలో ఆ ప్రొటీన్ తాలూకు ఎస్ జన్యువు కనబడేది కాదు, సీక్వెన్సింగ్ దాకా ఆగకుండానే దాని జాడ తెలిసేది. 2021 చివర్లో ఒమిక్రాన్‌లో బీఏ.1 అనే ఉపరకాన్ని కూడా అలాగే పట్టుకున్నారు. వెనకాలే వచ్చిన బీఏ.2లో ఆ లోపం లేదు, కాబట్టి ఆ గుర్తు ఒక్కటే చూసేవారికి అది డెల్టాలాగే కనిపించింది. వింతైన ఫలితం వస్తే మొదటి నమూనా నుంచి మళ్లీ ఆర్‌ఎన్‌ఏ (వైరస్ జన్యుపదార్థం) తీయించు. 2022 జనవరిలో సైప్రస్ నుంచి డెల్టా, ఒమిక్రాన్ కలిసిన 'డెల్టాక్రాన్' దొరికిందని వార్త వచ్చినప్పుడు అది ల్యాబులో నమూనాలు కలుషితం కావడం వల్లనే కావచ్చని చాలామంది శాస్త్రవేత్తలు అన్నారు. అదే ఏడాది మార్చిలో ఫ్రాన్స్‌లో డెల్టా, ఒమిక్రాన్ నిజంగానే కలిసిన వైరస్ నిర్ధారణ అయింది. రెండూ జరగగలవు కనుకనే రెండోసారి చూడమంటున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర స్థితిని ముగించాక పరీక్షలకు వచ్చేవారు బాగా తగ్గారు. లక్షణాలు లేనివారి విసర్జనలోనూ వైరస్ ఉంటుంది కాబట్టి మురుగునీటి నమూనాలను చిన్నచూపు చూడవద్దు. అయితే అందులో ఎన్నో వేరియంట్ల ముక్కలు కలిసి ఉంటాయి, వచ్చేవి అంచనాలే. వాన పడిన రోజున నీరు పలచబడుతుందని గుర్తుంచుకో.

నా భయం ఒకటి దాచకుండా చెబుతాను. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా, బోట్స్వానా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ సంగతి ప్రపంచానికి వెంటనే చెబితే, బదులుగా ఆ దేశాల ప్రయాణికులపై నిషేధాలు పడ్డాయి. నీకూ 'కొన్నాళ్లు ఆపు' అనేవాళ్లు ఎదురవుతారు. ఆపకు తల్లీ. సరిచూసిన జన్యుక్రమాలను జీఐఎస్ఏఐడీ అనే అంతర్జాతీయ వైరస్ జన్యు సమాచార భాండారంలో వెంటనే పెట్టు, వ్యక్తుల వివరాలు, వసతి గృహాల పేర్లు మాత్రం బయటికి పోనివ్వకు. ఎవరైనా గట్టిగా ఒత్తిడి చేస్తే ఒక్కదానివే భరించవద్దు, ఏ రాత్రివేళైనా నాకు ఫోన్ చెయ్యి. వేళకు తిండి, నిద్ర మానుకోకు.

మొదటి నివేదిక ముసాయిదా అయ్యాక నాకు పంపు. దానితో పాటు నమూనాల పట్టిక కూడా పంపు, నేను ముందు ఆ కారణాల గడే చూస్తాను.

మీ పెదనాన్న